ఆపరేషన్‌కు ముందు డాక్టర్ ‘నొప్పి ఎట్లా ఉంది?’ అని అడిగితే ఏం చెప్పాలి?

రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం – పాతబస్తీ, హైదరాబాద్

ఆరోగ్యశ్రీ గురించి మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం కార్డు గురించే ఉంటాయి. రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కలేదు, ఆధార్‌లో వయసు తప్పు పడింది, అప్రూవల్ ఎన్ని రోజులకు వస్తుంది... ఇవన్నీ అడగాల్సినవే. 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వైద్యం ఉచితమని కూడా ఇప్పుడు చాలామందికి తెలుసు. అయితే కార్డు పని ఆసుపత్రి గేటు దాటించేవరకే. లోపల మంచం మీద పడుకున్నాక డాక్టర్ వచ్చి, “నొప్పి ఎక్కడ? ఎప్పటినుంచి? ఎట్లా?” అని అడుగుతారు. ఆ జవాబును మీ తరఫున ఏ కార్డూ చెప్పలేదు. ఈ పీడీఎఫ్ దాని గురించే.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. మా అమ్మకు పిత్తాశయంలో రాళ్లుంటే ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేర్చాం. డాక్టర్ అమ్మను అడిగిన ప్రతి ప్రశ్నకూ నేనే జవాబు చెప్పిన. ఎదుటి మనిషిని మాట్లాడనివ్వాలని జర్నలిజం క్లాసులో రెండేళ్లు నేర్చుకున్నవాణ్నే. “నొప్పి గోళీలు ఏమైనా వాడుతున్నారా?” అని అడిగితే “లేదండీ” అన్న. మరునాడు పొద్దున నేను ఛాయ్‌కి కిందికి పోయినప్పుడు సిస్టర్ అమ్మను ఒంటరిగా అడిగింది. అప్పుడు బయటపడింది: మోకాళ్ల నొప్పులకు గల్లీ మెడికల్ షాపులో రెండేళ్లుగా రోజుకో గోళీ తెచ్చుకుని మింగుతోందట. “నువ్వు తిడ్తవని చెప్పలేదు బిడ్డా” అన్నది. ఆ తర్వాత కిడ్నీ పరీక్ష మళ్లీ చేశారు, ఆపరేషన్ తర్వాత ఇవ్వాల్సిన నొప్పి మందు మార్చారు. సిస్టర్ ఆ ఒక్క ప్రశ్న మళ్లీ అడగకపోతే ఏమయ్యేదో నేను ఊహించుకోదల్చుకోలేదు.

ఎందుకు అన్ని ప్రశ్నలు?

“స్కానింగ్ తీశారు కదా, అందులో కనిపించదా?” అని కొందరు విసుక్కుంటారు. స్కానింగ్‌లో రాయి కనిపిస్తుంది, నొప్పి కనిపించదు. రాయి ఉండి నొప్పి లేనివాళ్లు చాలామంది ఉంటారు. అలాంటప్పుడు మీ కడుపునొప్పి ఆ రాయి వల్లనా, గ్యాస్ వల్లనా, గుండె వల్లనా అని తేల్చేది మీరు చెప్పే మాటే. కారణం వేరే ఉంటే రాయి తీసినా నొప్పి పోదు.

అందుకే డాక్టర్లు ఒక వరుసలో అడుగుతారు. ఎక్కడ మొదలైంది, ఒక్కసారిగా వచ్చిందా మెల్లగా పెరిగిందా, అక్కడే ఉంటోందా ఇంకో చోటికి పాకుతోందా, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది, దాంతోపాటు వాంతి, జ్వరం, మూత్రంలో మంట లాంటివి ఉన్నాయా... దేశం ఏదైనా వైద్యవిద్యార్థులకు మొదటి ఏళ్లలోనే నేర్పే ప్రశ్నలివి.

ఈ జవాబుల్లో ఎంత సమాచారం ఉంటుందో చూడండి. పిత్తాశయం రాళ్ల నొప్పి సాధారణంగా కుడివైపు పక్కటెముకల కింద వస్తుంది, వీపులోకో కుడి భుజానికో పాకుతుంది. దావత్‌లో బిర్యానీ తిన్న రాత్రి, పొద్దున నహారీ తిన్న తర్వాత, ఇలా కొవ్వు ఎక్కువున్న తిండి తర్వాత లేస్తుంది. కిడ్నీ రాయి నొప్పి నడుము పక్కనుంచి గజ్జలోకి దిగుతుంది. మనిషి ఒకచోట కుదురుగా పడుకోలేడు, మెలికలు తిరిగిపోతాడు. అపెండిక్స్ నొప్పి చాలాసార్లు బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల తర్వాత కింద కుడివైపుకు జరుగుతుంది. ఈ మనిషి కదలడానికే భయపడతాడు, ఆటో గుంతలో పడితే ప్రాణం పోయినట్టుంటుంది. కాబట్టి “నొప్పి మొదట ఎక్కడుండె, ఇప్పుడెక్కడుంది” అని మీరు చెప్పే ఒక్క వాక్యం డాక్టర్‌కు ఎంతో దూరం దారి చూపిస్తుంది.

అపెండిక్స్ విషయంలో ఇంకో మాట. భయంకరంగా ఉన్న నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతే “అల్లా దయ, దేవుడి దయ” అనుకుని ఇంటికి పోవద్దు. లోపల పగిలినప్పుడు కూడా కాసేపు అట్లా తగ్గినట్టు అనిపించవచ్చు, తర్వాత కడుపంతా నొప్పి, జ్వరం వస్తాయి. “తగ్గింది” అన్న సంగతి కూడా డాక్టర్‌కు చెప్పాల్సిందే. హెర్నియా ఉన్నవాళ్లు పడుకుంటే లోపలికి పోయే గడ్డ ఉన్నట్టుండి గట్టిపడి, నొప్పెట్టి, లోపలికి పోకపోతే తేదీ కోసం ఎదురుచూడొద్దు. అది ఆ రోజే ఆసుపత్రికి పోవాల్సిన పని.

షుగర్ ఉన్నవాళ్లది వేరే కథ. వాళ్లకు నరాలు మొద్దుబారి ఉంటాయి. కాలి పుండు ఎముక దాకా పోయినా నొప్పి తెలియకపోవచ్చు. గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పికి బదులు ఆయాసం, చెమట, దవడ లాగడం మాత్రమే ఉండొచ్చు. కాబట్టి షుగర్ ఉందని ముందే చెప్పండి. “నొప్పి లేదు” అన్న మీ మాటను డాక్టర్ అప్పుడు వేరేగా అర్థం చేసుకుంటారు.

ఏ మాట వాడాలి?

మీకొచ్చిన మాటే. ఇంగ్లిష్ పేర్లు అక్కర్లేదు. మన దగ్గర నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఒకసారి గుర్తుచేసుకోండి: పోటు, సలుపు, మంట, గుంజుడు, పొడుచుడు, తిమ్మిరి, పట్టేసినట్టు, పిండినట్టు, అలలు అలలుగా. ఒక్కో మాట ఒక్కో దిక్కు చూపిస్తుంది. చీము పట్టిన చోట సలుపుతుంది. పేగుల్లో, మూత్రనాళంలో అడ్డం పడితే నొప్పి తెరలు తెరలుగా వచ్చి పోతుంది. నరం దెబ్బతింటే మంట, తిమ్మిరి, కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటుంది. దీనికి మామూలు నొప్పి గోళీ సరిగ్గా పనిచేయదు, వేరే రకం మందు కావాలి. “నొస్తుంది సార్” అని ఊరుకుంటే ఈ తేడా డాక్టర్‌కు తెలిసే దారి లేదు.

పాతబస్తీలో సగం మంది దక్కనీ ఉర్దూలో చెప్తారు. దుఖ్‌రా, జల్‌రా, చుభ్‌రా, ఝున్‌ఝునీ అని. అట్లాగే చెప్పండి. డాక్టర్‌కు ఉర్దూ రాకపోతే, వచ్చిన సిస్టర్‌నో ఆరోగ్యమిత్రనో పిలవమని అడగండి. అర్థంకాని ప్రశ్నకు మర్యాద కోసం తల ఊపితే అది కేస్ షీట్‌లో “అవును” అని ఎక్కుతుంది.

తర్వాత నంబర్ అడుగుతారు. “సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే ఇంతకన్నా ఎక్కువ ఊహించలేనంత. మీది ఎంత?” అని. ఇది పరీక్ష మార్కు కాదు, తప్పు జవాబంటూ లేదు. పక్క మంచం ఆయన 4 అన్నాడని మీరూ 4 అనొద్దు. అసలు ఉపయోగం పోల్చడంలో ఉంది: సూది వేసే ముందు మీరు 8 అన్నారు, గంట తర్వాత 7 అంటే మందు సరిపోలేదని అర్థం. పడుకున్నప్పుడు ఎంత, దగ్గినప్పుడు ఎంత, లేచి నడిచినప్పుడు ఎంత అని మూడూ విడిగా చెప్పగలిగితే ఇంకా మంచిది. నంబర్ తోచకపోతే “కొంచెం, మధ్యస్తం, బాగా, ఓర్చుకోలేనంత” అన్నా చాలు. చిన్నపిల్లలకు నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలు చూపించి అడుగుతారు. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లు చెప్పలేకపోతే వాళ్ల ముఖం ముడుచుకోవడం, మూలగడం, పక్కకు తిప్పితే చెయ్యి పట్టేసుకోవడం మీరు గమనించి చెప్పాలి.

దాచకుండా చెప్పాల్సినవి

మత్తు డాక్టర్ ఆపరేషన్‌కు ముందు విడిగా వచ్చి చూస్తారు. ఆయనకు కావలసింది మీ పాత సంగతులు. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ దాస్తారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొదటిది, సొంతంగా కొనుక్కున్న గోళీలు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోళీలు చాలాకాలం మింగితే కడుపులో పుండు, కిడ్నీకి దెబ్బ, రక్తం గడ్డకట్టడంలో తేడా రావచ్చు. పేరు తెలియకపోతే ఖాళీ స్ట్రిప్ పట్టుకెళ్లి చూపించండి. హకీం ఇచ్చిన పొడి, నాటు మందు, పసరు, అవి కూడా చెప్పండి. హకీం దగ్గరికి పోయినందుకు ఎవరూ తిట్టరు. పేరులేని పొట్లాల్లో కొన్నిసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, చాలాకాలం తిని హఠాత్తుగా ఆపితే ఆపరేషన్ టేబుల్ మీద బీపీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. గుండెకు స్టెంట్ వేసినవాళ్లు రక్తం పలుచన చేసే గోళీల గురించి తప్పకుండా చెప్పాలి, వాటిని మీ అంతట మీరు ఆపకూడదు.

రెండోది మందు, కల్లు, గుట్కా, సిగరెట్. ఇది ఆరోగ్యశ్రీ అప్రూవల్ కోసం అడిగే ప్రశ్న కాదు. రోజూ తాగే మనిషికి మత్తు మోతాదు వేరుగా ఉంటుంది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారన్నది మన దగ్గర అందరికీ తెలిసిన సంగతే. దానికి అలవాటుపడ్డ మనిషి ఆసుపత్రిలో చేరి రెండు రోజులు తాగకపోతే వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్ కూడా రావచ్చు. అది నొప్పి వల్ల అనుకుంటే వైద్యం దారి తప్పుతుంది. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే “సార్, ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి” అనండి.

మూడోది, వెనకటి ఆపరేషన్ల అనుభవం. అప్పుడు నొప్పి మందు పనిచేసిందా, ఏ సూదికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, ఏ మందుకు వాంతులు ఆగలేదు. పాత డిశ్చార్జి కాగితం ఉంటే దానికి మించిన సాక్ష్యం లేదు.

రంజాన్ నెలలో ఆపరేషన్ అయితే రోజా గురించి కూడా ముందే అడగండి. చెప్పకుండా పగటి గోళీలన్నీ మానేసి, ఇఫ్తార్ తర్వాత రెండు పూటలవి కలిపి మింగేవాళ్లు ఉన్నారు. అట్లా చేయొద్దు. ఏది మానకూడదు, ఏ గోళీ వేళ మార్చవచ్చు అన్నది డాక్టర్ చెప్తారు.

ఎవరు చెప్పాలి?

రోగి. వాళ్లకు నోరు ఆడుతున్నంతసేపు వాళ్లే. భర్త, కొడుకు, బావమరిది కాదు. ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో. పొత్తికడుపు నొప్పి, నెలసరి నొప్పి, మూత్రం పోసేటప్పుడు మంట, ఇవి మగవాళ్ల ముందు చెప్పలేక “అంతా బాగనే ఉంది” అంటారు. లేడీ డాక్టర్‌నో సిస్టర్‌నో అడగండి, తెర వేయమనండి. వెంట వచ్చినవాళ్లూ కాసేపు బయటికి పోతే సాయం చేసినట్టే. (నేను ఛాయ్‌కి పోవడమే మా అమ్మకు నేను చేసిన పెద్ద సాయం.)

ఇంకో సంగతి. మన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఒకప్పుడు ఆపరేషన్ మత్తు విషయంలో లోకమంతా చూసిన చోటు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1888, 1889లలో, క్లోరోఫాం ఎంత క్షేమమో తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో మత్తు ఇవ్వడం నేర్చి పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెబుతారు. ఆ పాత ఆసుపత్రి 1908 మూసీ వరదలో పోయింది, తర్వాత కట్టిందే ఉస్మానియా. క్లోరోఫాంతో గుండెకు ముప్పు లేదన్న ఆ కమిషన్ల తీర్పు తప్పని తర్వాత తేలింది. ఆ కాలపు సమస్య ఆపరేషన్ జరుగుతున్నంతసేపు మనిషిని నిద్రలో ఉంచడం. అది ఇప్పుడు బాగా తెలిసిన పని. మెలకువ వచ్చాక పడే నొప్పి మాత్రం ఇప్పటికీ మీరు చెబితేనే తెలుస్తుంది. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం కూడా 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, రోగి తనకు నొప్పి ఉందంటే ఆ మాటను గౌరవించాలని రాసింది.

ఆపరేషన్ తర్వాత

“ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా, ఓర్చుకోవాలె” అంటారు మన పెద్దలు. కొంత నొప్పి ఉంటుంది, నిజమే. కానీ ఓర్చుకోవడంలో నష్టం ఉంది. కడుపు మీద కుట్లున్న మనిషి నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీసుకోడు, దగ్గడు. కఫం లోపలే నిలిచి నిమోనియా వస్తుంది. మంచం దిగి నడవకపోతే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. కాబట్టి నొప్పి మందు సుఖం కోసం ఇచ్చేది మాత్రమే కాదు, లేచి నడవడానికి, దగ్గడానికి ఇచ్చేది. నొప్పి బాగా ముదిరాక చెబితే తగ్గించడం కష్టం. పెరుగుతున్నప్పుడే సిస్టర్‌కు చెప్పండి.

కొందరికి రెండు భయాలుంటాయి. ఒకటి, నొప్పి ఉందంటే డిశ్చార్జి ఆపుతారని, బిల్లు పెరుగుతుందని. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉంటుంది, నొప్పి మందులు అందులోవే. వాటికని మీ దగ్గర డబ్బులు తీసుకోకూడదు. రెండోది, బలమైన సూదులు అలవాటైపోతాయని. పెద్ద ఆపరేషన్ తర్వాత కొద్దిరోజులు డాక్టర్ చూస్తుండగా ఇచ్చే మందుతో ఆ భయం తక్కువ. డిశ్చార్జి తర్వాత ట్రమడాల్ లాంటి గోళీలను రాసినన్ని రోజులు దాటి సొంతంగా కొనుక్కుంటే మాత్రం ఆ ప్రమాదం నిజమే.

మామూలుగా నొప్పి మొదటి రెండు మూడు రోజులు ఎక్కువుండి తర్వాత తగ్గుతూ పోవాలి. దూర్బీన్ ఆపరేషన్ అయినవాళ్లకు భుజం నొప్పి వస్తే కంగారు పడొద్దు, కడుపులో నింపిన గ్యాస్ వల్ల వస్తుంది, కొద్దిరోజుల్లో పోతుంది. నడుముకు సూది ఇచ్చి ఆపరేషన్ చేసినవాళ్లకు లేచి కూర్చుంటే తల పగిలిపోయేంత నొప్పి, పడుకుంటే తగ్గడం ఉంటే చెప్పండి, దానికి వైద్యం ఉంది. తగ్గాల్సిన నొప్పి మూడో నాలుగో రోజు మళ్లీ పెరిగి, జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ఒక పిక్క మాత్రమే ఉబ్బి నొస్తే, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే. చేతికో కాలికో కట్టు వేశాక నొప్పి ఏ గోళీకీ తగ్గకుండా పెరుగుతూ, వేళ్లు కదిపితే ప్రాణం పోతున్నట్టుండి, తిమ్మిరెక్కితే అర్ధరాత్రి అయినా సరే పరుగెత్తాలి. గంటల్లో ఆ కండరం చచ్చిపోతుంది. రాత్రి ఆటో దొరకకపోతే 108.

కాలు తీసేసినవాళ్లలో చాలామంది ఒక విషయం ఎవరికీ చెప్పరు: లేని కాలు నొస్తుంది, లేని వేలు మండుతుంది. పిచ్చి అనుకుంటారని దాస్తారు. ఇది పిచ్చి కాదు, పేరున్న జబ్బు, మందులున్నాయి. ఆపరేషన్‌కు ముందు ఆ కాలులో ఎంత నొప్పి ఉండేదో కూడా చెప్పండి, రెండింటికీ సంబంధం ఉంటుంది. అట్లాగే ఏ ఆపరేషన్ తర్వాతైనా గాయం మానిపోయి మూడు నెలలు దాటినా అక్కడ మంట, తిమ్మిరి పోకపోతే “ఇంతే” అనుకోకుండా మళ్లీ చూపించుకోండి.

ఇంటికి వెళ్లేటప్పుడు

పథకంలో డిశ్చార్జి తర్వాత 10 రోజుల వరకు మందులు కూడా ఉన్నాయి. ఏ గోళీ నొప్పికి, ఏది ఇన్‌ఫెక్షన్‌కు, ఎన్ని గంటలకోసారి అని అడిగి స్ట్రిప్ మీదనే రాయించుకోండి. డోలో, క్రోసిన్, కాల్పాల్ పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే, పారాసిటమాల్. ట్రమడాల్‌తో కలిపి వచ్చే గోళీల్లో కూడా అది ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు, అంటే 650 గోళీలు ఆరుతోనే దాదాపు అక్కడికి చేరతారు. కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు, తాగే అలవాటు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ. డాక్టర్ రాసిన దానిమీద ఇంట్లో ఉన్నది కూడా వేసుకుంటే లివర్ దెబ్బతింటుంది.

పథకం కాగితాల విషయంలో ఒక్క మాట. మీరు చెప్పిన నొప్పి వివరాలు కేస్ షీట్‌లో రాసి, పరీక్షల రిపోర్టులతో కలిపి ఆసుపత్రివాళ్లు అనుమతికి పంపుతారు. “ఎమర్జెన్సీ అని చెప్పు, జల్దీ అయితది” అని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. నిజంగా అత్యవసరమైతే డాక్టర్‌కే తెలుస్తుంది, అప్పుడు ఫోన్ మీద అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. రెండేళ్ల నొప్పిని రెండు రోజులదని రాయిస్తే మీ వైద్యమే తప్పుదారి పడుతుంది.

నొప్పి మందు బయట కొనుక్కొమ్మన్నా, డబ్బులడిగినా ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రతో మాట్లాడండి. అక్కడ పని కాకపోతే 104కు ఫోన్ చేసి, రోగి పేరు, రేషన్ కార్డు నంబరు, ఆసుపత్రి పేరు, చేరిన తేదీ చెప్పండి. బయట కొన్న మందుల బిల్లులు పారేయకండి.